ఖాళీ చెక్కు మీద సంతకం, ఆరున్నర లక్షల నోటీసు: ఊరుకోవచ్చా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా దేవరకొండ దగ్గరి పల్లె. మా బాపుకు ఐదెకరాల చెలక ఉన్నది. 2021 వానాకాలం నుంచి ఆయన టౌన్‌లోని ఒక దుకాణంలో పత్తి విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు ఉద్దెరకు తెచ్చేవాడు. మొదటి సంవత్సరమే దుకాణదారు ఆయనతో రెండు ఖాళీ చెక్కుల మీద, రెవెన్యూ స్టాంపు అంటించిన ఒక ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకాలు చేయించుకున్నాడు. 2023లో 22 క్వింటాళ్లు, 2024లో 17 క్వింటాళ్ల పత్తిని బాకీ కిందనే ఆ దుకాణానికి తోలినాము. రసీదు ఇవ్వలేదు, తన పుస్తకంలో మాత్రం రాసుకున్నాడు. మా లెక్క ప్రకారం ఇంకా లక్షా అరవై వేల దాకా ఉంటుంది. ఇప్పుడు ఒక చెక్కును ఆరున్నర లక్షలకు నింపి బ్యాంకులో వేశాడు. పోయిన నెల 18న అది తిరిగి వచ్చిందని, చేబదులుగా తీసుకున్న 6,50,000 రూపాయలు 15 రోజుల్లో కట్టాలని లాయరు నోటీసు పంపాడు. ఈ నెల 2న పోస్టుమన్ తెస్తే బాపు భయపడి తీసుకోలేదు. తర్వాత దుకాణంలో పనిచేసే మనిషి దాని ఫోటోను నాకు వాట్సాప్‌లో పెట్టాడు. డబ్బు కట్టలేకపోతే ఒక ఎకరం తన పేరు మీద రిజిస్ట్రేషన్ చేయమని, బాకీ తీరినాక తిరిగి చేస్తానని, లేకుంటే పోలీసులు వచ్చి పట్టుకుపోతారని చెప్పి పంపుతున్నాడు. నేను హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. నోటీసు తీసుకోలేదు కాబట్టి ఊరుకోవచ్చా? బాపును అరెస్టు చేస్తారా? ఈ అప్పు నా మీదికి వస్తుందా?
ఒక పాఠకుడు, దేవరకొండ ప్రాంతం

సమాధానం:

మీ మూడు ప్రశ్నల్లో మొదటిదానికి గడువు ముడిపడి ఉన్నది కనుక దానితోనే మొదలుపెడతాను. ఊరుకోకూడదు. సరైన చిరునామాకు రిజిస్టరు పోస్టులో వచ్చిన నోటీసును తీసుకోకుండా తిప్పి పంపితే, అది అందినట్టుగానే కోర్టు భావిస్తుంది. జనరల్ క్లాజెస్ చట్టంలోని 27వ సెక్షన్ ఆధారంగా సుప్రీంకోర్టు 2007లో అలవి హాజీ కేసులో ఈ సంగతిని తేల్చి చెప్పింది. కాబట్టి మీ నాన్నగారి విషయంలో 15 రోజుల లెక్క 3వ తేదీన మొదలై 17తో ముగుస్తుంది. ఆలోగా చెక్కు మీద ఉన్న సొమ్ము కట్టకపోతే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 138వ సెక్షన్ కింద ఫిర్యాదు చేసే హక్కు దుకాణదారుకు కలుగుతుంది, అక్కడి నుంచి ఒక నెలలోగా ఆయన మేజిస్ట్రేటు కోర్టులో కేసు వేయవచ్చు. మీ ఉత్తరం 8వ తేదీన రాసినది. ఈ సమాధానం మీరు చదివేసరికి 17 దాటిపోయి ఉన్నా సరే, జవాబు నోటీసు పంపించండి. ఆ 15 రోజులు డబ్బు కట్టడానికి చట్టం పెట్టిన గడువు. ఆ తర్వాత జవాబు చెప్పడానికి వీలులేదని చట్టంలో ఎక్కడా లేదు.

ఈ ఒక్క పని మీద నేను ఇంతగా పట్టుబట్టడానికి కారణం ఉంది. చెక్కు కేసులో ముద్దాయికి మొదటిసారి తన మాట చెప్పుకునే అవకాశం నోటీసుకు ఇచ్చే జవాబులోనే వస్తుంది. అప్పుడు మౌనంగా ఉండి, ఏడాది తర్వాత బోనులో నిలబడి ‘అది ఖాళీ చెక్కు, పత్తి ఇచ్చాము, బాకీ అంత లేదు’ అంటే, కేసు పడ్డాక కట్టిన కథ అని అవతలి న్యాయవాది వాదిస్తాడు, ఆ వాదనకు బలం ఉంటుంది కూడా. 2010లో రంగప్ప, శ్రీమోహన్‌ల మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు ముద్దాయి నోటీసుకు జవాబివ్వకపోవడాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించి, ఫిర్యాదుదారు మాటలో నిజం ఉన్నదని అనుకోవడానికి అది కూడా ఒక కారణమేనని చెప్పింది. ఈ తీర్పును రైతు కుటుంబాల వాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. భయపడి తలుపు వేసుకున్న మనిషి మౌనాన్ని కోర్టు భయంగా చదవదు, ఒప్పుకోలుగా చదువుతుంది.

ఇక ఆ జవాబులో ఏం రాయాలి అన్నది అంతకంటే ముఖ్యం. ఊళ్లో నలుగురూ నాలుగు సలహాలు ఇస్తారు. చెక్కు పోయిందని రాయమని ఒకరు, సంతకం మాది కాదనమని ఇంకొకరు, ఆ దుకాణమే తెలియదనమని మరొకరు చెబుతారు. వీటిలో ఒక్కటి కూడా రాయించవద్దు. సంతకం మీ నాన్నగారిదే, బ్యాంకులో ఉన్న నమూనా సంతకంతో పోల్చి చూస్తే క్షణంలో తేలిపోతుంది, ఆ ఒక్క అబద్ధం తేలిన తర్వాత మీరు చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. జరిగింది జరిగినట్టు రాయించండి. 2021 నుంచి ఫలానా దుకాణంలో ఉద్దెర ఖాతా ఉన్నదని, ఆ ఖాతాకు హామీగా దుకాణదారు రెండు ఖాళీ చెక్కులు, ఒక ఖాళీ నోటు తీసుకున్నాడని, చేబదులు అన్న మాటే లేదని, 2023లోనూ 2024లోనూ ఇన్నిన్ని క్వింటాళ్ల పత్తి ఆ ఖాతాకు జమగా ఇచ్చామని, తమ లెక్క ప్రకారం మిగిలిన బాకీ ఇంత అని, ఖాతా చూపిస్తే లెక్క చూసుకొని దాన్ని తీర్చడానికి సిద్ధంగా ఉన్నామని రాయాలి. నిజంగా ఉన్న బాకీని ఒప్పుకుంటే నష్టం కదా అని మీకు అనిపించవచ్చు. లక్షా అరవై వేలు ఉన్న మాట నిజమైతే దాన్ని ఒప్పుకోవడమే మీ బలం. ఉన్నదాన్ని ఒప్పుకున్న మనిషి లేనిదాన్ని కాదంటే వినేవాడు నమ్ముతాడు. అయితే అంకె విషయంలో తొందరపడకండి. బిల్లులు ముందు పెట్టుకొని, వడ్డీ ఎంత అనుకున్నారో, అసలు అనుకున్నారో లేదో మీ నాన్నగారిని నిదానంగా అడిగి తెలుసుకున్న తర్వాతనే న్యాయవాదితో అంకె రాయించండి.

ఇప్పుడు చట్టం మీకు వ్యతిరేకంగా ఉన్న చోటు గురించి దాచకుండా చెప్పాలి. ఖాళీ చెక్కు చెల్లదని, రాత ఇంకొకరిది కనుక కేసు నిలవదని చాలామంది ధీమాగా ఉంటారు. అది నిజం కాదు. సంతకం చేసిన చెక్కును ఇష్టపూర్వకంగా ఇచ్చాక మిగతా వివరాలు వేరొకరు నింపినా, చెక్కు తీసుకున్నవాడికి అనుకూలంగా ఉండే చట్టపరమైన ఊహ అలాగే ఉంటుందని 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఊహ చట్టంలోని 139వ సెక్షన్‌లో ఉన్నది. చెక్కు చేతిలో ఉన్నవాడికి ఏదో ఒక బాకీ కిందనే అది వచ్చిందని కోర్టు ముందుగానే అనుకొని విచారణ మొదలుపెడుతుంది. బాకీ లేదని, లేదా అంత లేదని చూపించే భారం చెక్కు ఇచ్చినవారి మీద పడుతుంది. నోటు సంగతీ ఇంతే. స్టాంపు అంటించిన ఖాళీ కాగితం మీద సంతకం చేసి ఇస్తే దాన్ని నింపుకునే అధికారం కూడా ఇచ్చినట్టేనని 20వ సెక్షన్ చెబుతుంది. మన దగ్గర విత్తనాల సీజన్‌లో కౌంటరు ముందు నిలబడి, వాన పడే లోపు గింజ పెట్టాలన్న ఆరాటంలో సంతకాలు చేసే రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పరు, అదే నాకు బాధగా ఉంటుంది.

అయితే ఆ ఊహ తిరగరాయలేనిది కాదు. ముద్దాయి తన నిర్దోషిత్వాన్ని అనుమానానికి తావులేకుండా నిరూపించనవసరం లేదు. ఇద్దరూ చెప్పిన దాంట్లో ఇతని మాటే జరిగి ఉండే అవకాశం ఎక్కువ అని కోర్టుకు అనిపించేలా చేయగలిగితే చాలు, భారం మళ్లీ ఫిర్యాదుదారు మీదికి పోతుంది. దానికి కావలసిన కాగితాలు మీ ఇంట్లో కొన్ని, బయట కొన్ని ఉన్నాయి.

మొదట చెక్కు నంబరు చూడండి. నోటీసులో అది తప్పక ఉంటుంది. మీ నాన్నగారి ఖాతా స్టేట్‌మెంటును 2021 నుంచి బ్యాంకులో తీయించి, అదే చెక్కు పుస్తకంలోని ముందు వెనుక చెక్కులు ఏ సంవత్సరంలో వాడారో గమనించండి. ముందరి నంబరు 2021లోనే చెల్లి ఉండి, ఈ చెక్కు మీద మాత్రం ఈ ఏడాది తేదీ ఉంటే, అది ఎప్పుడో ఇచ్చిన హామీ చెక్కు అన్న మీ మాటకు బ్యాంకు పుస్తకమే సాక్ష్యం చెబుతుంది. చెక్కు పుస్తకం ఏ తేదీన ఇచ్చారో కూడా బ్యాంకును రాతపూర్వకంగా అడగండి.

తర్వాత బిల్లులు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1985 ప్రకారం ఎరువులు అమ్మే ప్రతి డీలరూ నగదుకైనా ఉద్దెరకైనా కొన్నవారికి బిల్లు ఇచ్చి తీరాలి. విత్తనాలకు కూడా 1983 నాటి నియంత్రణ ఉత్తర్వులో ఇదే నియమం ఉన్నది. సబ్సిడీ ఎరువులను డీలర్లు పీవోఎస్ యంత్రంలో ఆధార్‌తో నమోదు చేసి అమ్ముతారు కనుక యూరియా, డీఏపీ కొన్న తేదీల జాడ ఎక్కడో ఒకచోట ఉంటుంది. మీ నాన్నగారి దగ్గర బిల్లులు లేకపోతే, ఈ ఖాతా తాలూకు ఉద్దెర బిల్లుల నకళ్లు ఇవ్వమని జవాబు నోటీసులోనే అడగండి. నోటీసులో ‘చేబదులు’ అని రాసినవాడు ఎరువుల బిల్లులు చూపించవలసి వస్తే ఆయన కథే చిక్కుల్లో పడుతుంది. చూపించకపోతే, ఎందుకు చూపించలేదన్న ప్రశ్న కోర్టులో ఆయనకే ఎదురవుతుంది. దుకాణం ఖాతా పుస్తకంలో ఆయన రాసుకున్న పద్దులు ఒక్కటే ఒక మనిషి మీద బాకీ మోపడానికి సరిపోవన్నది సాక్ష్య చట్టంలో మొదటి నుంచీ ఉన్న నియమం.

పత్తి విషయంలో రసీదు లేకపోవడం పెద్ద లోటే. కానీ చేతులు ఎత్తేయవలసినంత లోటు కాదు. ఆ రెండు సంవత్సరాలూ మీ సర్వే నంబర్లలో పత్తి వేసినట్టు వ్యవసాయ విస్తరణ అధికారి చేసిన పంటల నమోదు ఉంటుంది, దాని నకలు తీసుకోండి. ఆ పంట మార్కెట్ యార్డులో గానీ సీసీఐ (భారత పత్తి సంస్థ) కేంద్రంలో గానీ అమ్మి ఉంటే తక్‌పట్టీ (అమ్మిన పంట తూకం, ధర రాసిన చీటీ) ఉండేది, మీ నాన్నగారి ఖాతాలో డబ్బు పడేది. అవి లేవంటే పంట వేరే దారిలో పోయిందని అర్థమవుతుంది. పత్తి తోలిన ట్రాలీ లేదా ఆటో డ్రైవరు ఎవరు, కాంటా ఎక్కడ వేశారు, హమాలీలు ఎవరు, ఆ రోజు ఫోన్‌లో ఏం మాట్లాడుకున్నారు, దుకాణంవాళ్లు వాట్సాప్‌లో పెట్టిన లెక్క ఏదైనా ఉన్నదా అన్నవి ఇప్పుడే ఒక కాగితం మీద రాసిపెట్టండి. ఫోన్ మార్చకండి, ఆ సందేశాలు చెరిపేయకండి. ధర గురించి కూడా ఒక మాట. 2024-25 సీజన్‌లో పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. 17 క్వింటాళ్లకు ఆ లెక్కన 1,27,857 రూపాయలు అవుతుంది. దుకాణదారు అంతకంటే తక్కువకే కట్టి ఉండవచ్చు, కానీ ఏ ధరకు ఎంత జమ వేశాడో చెప్పమని అడిగే హక్కు మీకు ఉన్నది.

ఈ పత్తి జమకు చట్టంలో ఉన్న విలువ చాలా పెద్దది. చెక్కు ఇచ్చిన తర్వాత, దాన్ని బ్యాంకులో వేయక ముందు బాకీలో కొంత తీరిపోతే, ఆ తీరిన భాగాన్ని చెక్కు మీద నమోదు చేసి మిగిలినదానికే చెక్కు వేసుకోవాలి. అలా చేయకుండా మొత్తం సొమ్ముకు చెక్కు వేస్తే, వేసిన రోజున అంత బాకీ లేనే లేదు కనుక 138వ సెక్షన్ కింద నేరం కాదని సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో దశరథ్‌భాయ్ పటేల్ కేసులో తీర్పు ఇచ్చింది. మీ కేసులో నేను అన్నిటికంటే ఎక్కువగా ఆధారపడేది ఈ తీర్పు మీదనే. పత్తి ఇచ్చినట్టు నమ్మదగినంతగా చూపించగలిగితే ఆరున్నర లక్షల అంకె నిలబడటం కష్టం.

అదీగాక, ఆరున్నర లక్షల రూపాయలు చేబదులు ఇచ్చానని చెప్పే మనిషి ఆ డబ్బు ఏ రోజు, ఎక్కడి నుంచి తెచ్చి, ఎవరి ముందు ఇచ్చాడో చెప్పగలగాలి. అప్పు ఇచ్చే స్తోమత ఫిర్యాదుదారుకు ఉన్నదా అని ప్రశ్నించవచ్చునని, దానికి ఆయన సమాధానం చెప్పుకోలేకపోతే 139వ సెక్షన్ ఊహ సడలుతుందని 2019లోనే బసలింగప్ప కేసులో సుప్రీంకోర్టు అన్నది. ఒకవేళ ఆయన ‘నేను చాలామందికి వడ్డీకి ఇస్తుంటాను’ అని చెబితే అప్పుడు ఇంకొక ప్రశ్న వస్తుంది. తెలంగాణ ప్రాంతంలో వడ్డీ వ్యాపారం చేసేవారికి లైసెన్సు ఉండాలని 1349 ఫసలీ (నిజాం కాలపు సంవత్సరాల లెక్క) నాటి చట్టం ఇప్పటికీ చెబుతున్నది. లైసెన్సు లేకుండా వ్యాపారంగా అప్పులిచ్చినవారు సివిల్ కోర్టులో వసూలు దావా గెలవడానికి అది అడ్డమవుతుంది. సరుకు ఉద్దెరకు అమ్మడం వడ్డీ వ్యాపారం కింద రాదు, కాబట్టి ఈ అస్త్రం ఆయన ‘చేబదులు’ అన్న మాటకు కట్టుబడినప్పుడే పనికివస్తుంది.

అరెస్టు గురించిన భయాన్ని త్వరగా తీర్చేస్తాను. చెక్కు కేసులో పోలీసులకు పాత్ర లేదు. ఫిర్యాదు నేరుగా మేజిస్ట్రేటు కోర్టుకు వెళుతుంది, ఎఫ్ఐఆర్ ఉండదు, నేరం బెయిల్ ఇవ్వదగినది. కోర్టు నుంచి సమన్లు వస్తాయి, వాటిని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తిప్పి పంపవద్దు. సమన్లు అందీ వాయిదాకు పోకపోతే ముందు బెయిలబుల్ వారంటు, ఆ తర్వాత నాన్ బెయిలబుల్ వారంటు వస్తాయి, పోలీసులు ఇంటికి వచ్చేది అప్పుడే. మొదటి వాయిదాకు మీ నాన్నగారు న్యాయవాదితో వెళ్లి పూచీకత్తు ఇచ్చి వస్తే సరిపోతుంది. వయసు, ఆరోగ్యం, వ్యవసాయ పనులు చూపించి ప్రతి వాయిదాకు రానవసరం లేకుండా కోర్టు అనుమతి కోరవచ్చు. నేరం రుజువైతే రెండేళ్ల వరకు జైలు, లేదా చెక్కు సొమ్ముకు రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు కనుక కేసును తేలికగా తీసుకోవద్దు. 2018 సవరణతో వచ్చిన 143ఏ సెక్షన్ కింద విచారణ నడుస్తుండగానే చెక్కు సొమ్ములో 20 శాతం వరకు తాత్కాలిక పరిహారం కట్టమని కోర్టు చెప్పవచ్చు. కానీ అది ప్రతి కేసులో యాంత్రికంగా ఇచ్చే ఆదేశం కాదని, ముద్దాయి వాదనను కూడా తూచి చూడాలని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ జవాబు నోటీసు అక్కడ కూడా పనికివస్తుంది. ఇంకొకటి, ఫిర్యాదుదారు తన సాక్ష్యాన్ని అఫిడవిట్‌గా దాఖలు చేయవచ్చు. ఆయన్ను బోనులోకి పిలిచి ప్రశ్నించాలంటే మీ తరఫు న్యాయవాది దరఖాస్తు వేయాలి. మీ కేసంతా ఆ ప్రశ్నల్లోనే ఉన్నది, దాన్ని వదులుకోవద్దు.

ఎకరం రిజిస్ట్రేషన్ చేయమన్న మాటకు మాత్రం గట్టిగా వద్దని చెబుతున్నాను. ఇది నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో కొత్త పద్ధతి కాదు. బాకీకి హామీగా అమ్మకపు దస్తావేజు రాయించుకొని, తీరినాక తిరిగి రాసిస్తానని నోటిమాట ఇస్తారు. ఆస్తి బదిలీ చట్టంలోని 58వ సెక్షన్ ప్రకారం, తిరిగి రాసిచ్చే షరతు అదే దస్తావేజులో లేకపోతే ఆ లావాదేవీని తనఖాగా చూడటానికి వీలులేదు, అది పూర్తి అమ్మకమే అవుతుంది. పైగా 2020 అక్టోబరులో ధరణి (ప్రభుత్వ భూరికార్డుల పోర్టల్) వచ్చినప్పటి నుంచి వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్, పేరు మార్పిడి తహసీల్దారు కార్యాలయంలో వెంటవెంటనే జరిగిపోతున్నాయి. దాని స్థానంలో వచ్చిన భూభారతి కింద కూడా ఆ పద్ధతే సాగుతున్నది. పొద్దున సంతకం పెడితే సాయంత్రానికి పాసుపుస్తకంలో ఎకరం తగ్గుతుంది. లక్షా అరవై వేల బాకీకి ఎకరం భూమి ఎందుకు పోవాలి? హామీ ఇవ్వక తప్పని పరిస్థితే వస్తే, బాకీ అంకె, గడువు స్పష్టంగా రాసిన రిజిస్టరు తనఖా దస్తావేజు వేరు, అమ్మకం వేరు అన్న తేడాను మీ నాన్నగారికి కూర్చోబెట్టి చెప్పండి.

సివిల్ దావా పడితే ఏమవుతుందన్నది మీరు అడగలేదు గానీ, చెక్కు కేసుతో పాటు నోటు మీద సొమ్ము దావా కూడా వేయడం మామూలే. దావా సమన్లు అందిన 30 రోజుల్లో లిఖితపూర్వక జవాబు దాఖలు చేయాలి, కారణం చూపితే కోర్టు 90 రోజుల వరకు పొడిగించవచ్చు. పోకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మీ నాన్నగారి మాట వినకుండానే తీర్పు, అవుతుంది. డిక్రీ వచ్చినా రైతు నివసించే ఇల్లు, బతుకుతెరువుకు అవసరమైన వ్యవసాయ పనిముట్లు, పశువులు, విత్తనపు గింజలు జప్తు చేయడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 60వ సెక్షన్ ఒప్పుకోదు. తీర్పుకు ముందే పంటను జప్తు చేయించడం కూడా కుదరదు. భూమికి మాత్రం ఆ రక్షణ లేదు, అందుకే దావాను నిర్లక్ష్యం చేయవద్దంటున్నాను. కట్టే స్తోమత నిజంగా లేని మనిషిని డిక్రీ బాకీ కోసం జైలుకు పంపకూడదని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇప్పటికీ అమల్లో ఉన్నది.

మీ మూడో ప్రశ్నకు జవాబు చిన్నది. మీరు హామీదారుగా ఎక్కడా సంతకం చేయనంతవరకు మీ జీతం నుంచి గానీ, మీరు సంపాదించుకున్న ఆస్తి నుంచి గానీ ఈ బాకీని వసూలు చేయలేరు. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమన్న పాత న్యాయసూత్రం ఆధారంగా కొడుకు మీద దావా నడపడాన్ని, 2005లో హిందూ వారసత్వ చట్టానికి వచ్చిన సవరణ ఆ తర్వాత చేసిన అప్పుల విషయంలో ఆపేసింది. మీ నాన్నగారి నుంచి మీకు ఆస్తి సంక్రమిస్తే ఆ ఆస్తి మేరకే బాధ్యత. భూమి పిత్రార్జితమై, సాగు కోసమే అప్పు చేసి ఉంటే ఉమ్మడి ఆస్తి మీద దాని ప్రభావం ఉండవచ్చు, కాబట్టి పట్టా ఎలా వచ్చిందో న్యాయవాదికి చెప్పండి. ఇప్పుడు మధ్యవర్తుల ముందు ‘నేను చూసుకుంటాను’ అని ఏ కాగితం మీదా మీరు సంతకం పెట్టవద్దు. మంచి మనసుతో పెట్టిన ఆ సంతకమే మిమ్మల్ని హామీదారును చేస్తుంది.

న్యాయవాది ఖర్చుకు వెనుకాడి ఆగిపోవద్దు. న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షన్ కింద ఎస్సీ, ఎస్టీ కుటుంబాల వారికి, మహిళలకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా, మిగతావారికి నిర్ణీత ఆదాయ పరిమితికి లోబడి ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. నల్లగొండ జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో, లేదా మీ దగ్గరి కోర్టులోని మండల న్యాయ సేవా కమిటీలో దరఖాస్తు ఇవ్వవచ్చు. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. కేసు పడకముందే లోక్ అదాలత్ ముందు రాజీకి ప్రయత్నించే వీలు కూడా అక్కడే ఉంటుంది. నా అభిప్రాయంలో మీ వంటి ఖాతా తగాదాకు అదే సరైన చోటు. ఎందుకంటే ఇద్దరి పుస్తకాలూ బల్ల మీద పెట్టి లెక్క చూసుకుంటే సగం గొడవ అక్కడే తీరుతుంది. పైగా చెక్కు కేసు ఏ దశలోనైనా రాజీ చేసుకోదగినది. అయితే లోక్ అదాలత్ అవార్డుకు కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు. కాబట్టి అందులో రాసిన సొమ్ము, వాయిదాల తేదీలు చదివించుకొని, నిజంగా కట్టగలమనుకుంటేనే మీ నాన్నగారు సంతకం చేయాలి. కట్టే ప్రతి రూపాయినీ బ్యాంకు ద్వారా గానీ ఫోన్‌పే వంటి వాటి ద్వారా గానీ పంపండి, చేతికి ఇవ్వకండి.

చివరగా, నోటీసులో కనిపించని కాగితాల సంగతి. దుకాణదారు దగ్గర ఇంకొక ఖాళీ చెక్కు, ఖాళీ నోటు మిగిలి ఉన్నాయి. వాటి గురించి కూడా ఇదే జవాబులో రాయించి, రెండో చెక్కు నంబరు మీకు తెలుస్తుంది కనుక దాన్ని పేర్కొని, 2021లో హామీగా ఇచ్చిన ఆ కాగితాలను వాడవద్దని, లెక్క తేలగానే తిరిగి ఇవ్వాలని కోరండి. ఆ చెక్కుకు చెల్లింపు ఆపమని, ఎందుకు ఆపమంటున్నారో కారణం రాసి బ్యాంకుకు ఉత్తరం ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. చెల్లింపు ఆపినంత మాత్రాన 138వ సెక్షన్ నుంచి తప్పించుకోలేరు, కానీ గొడవ మొదలైనప్పుడే మీరు ఈ మాట చెప్పారనడానికి ఆ ముద్ర ఆధారంగా ఉంటుంది. నోటు మీద దావా వేయడానికి దాని తేదీ నుంచి మూడేళ్లే గడువు. ఆ గడువు దాటకుండా చూసుకోవడానికి ఏదో కొంత కట్టించుకొని నోటు వెనుక చెల్లు రాయించుకోవడమో, నోటు తిరగరాయించుకోవడమో అప్పులవాళ్లు చేసే పని. మీ నాన్నగారు చెల్లు కింద ఒక్క సంతకం పెట్టినా ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్ల లెక్క మొదలవుతుంది, అందులో రాసిన అంకెను ఒప్పుకున్నట్టూ అవుతుంది. కాబట్టి ఆ దుకాణం నుంచి ఎవరు వచ్చి ఏ కాగితం ముందు పెట్టినా, మీకు ఫోన్ చేయకుండా, న్యాయవాదికి చూపించకుండా కలం పట్టవద్దని ఈ రోజే మీ బాపుకు చెప్పండి.